కంపెనీ డైరెక్టర్ల బోర్డు: నాలుగు శతాబ్దుల నడక

1600వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన ఇంగ్లండు రాణి ఎలిజబెత్ లండను వర్తకులకు ప్రసాదించిన శాసనపత్రమునందు, తూర్పు దేశముల వాణిజ్యముపై ఏకాధికారము నొసంగు నిబంధనలతోపాటు, కంపెనీ పరిపాలనమునకు సంబంధించిన ఏర్పాటొకటి కలదు. సొమ్ము పెట్టినవారందరు ఏటేట ఒక గవర్నరును, ఆయనకు తోడుగా ఇరువదినలుగురిని ఎన్నుకొనవలెననియు, వ్యవహారభారమంతయు వారే వహింపవలెననియు దాని సారాంశము. తొలి గవర్నరు సర్ థామస్ స్మైత్. 1611లో ఆ కంపెనీవారు మన మచిలీపట్టణమున కోఠీ తెరచిరి. నాటినుండి కోస్తా తెలుగు నేతగాండ్ర వస్త్రములను ఏ ధరకు కొనవలెనో, ఏ గుమాస్తాకు ఎంత జీతమీయవలెనో, మచిలీపట్టణమును ఎన్నడును చూడని పెద్దమనుష్యులు లండనునందు ఒక బల్లచుట్టు కూర్చుండి నిర్ణయించుచుండిరి. తమది కాని ధనమును, తాము కన్నులార చూడని వ్యవహారమును, పరుల చేతులమీదుగా నడపించుట ఎట్లు అను ప్రశ్న ఆ బల్లచుట్టునే పుట్టినది. నేడు డైరెక్టర్ల బోర్డు అని మనము పిలుచుచున్న సంస్థ చరిత్ర యంతయు ఆ ప్రశ్నకు సమాధానము వెదకిన చరిత్రయే.

డచ్చివారి కంపెనీ 1602లో ఏర్పడినది. పదునేడుగురు ప్రభువులని ప్రసిద్ధికెక్కిన పాలకమండలి దానిని ఏలెను. పదేండ్లకొకసారి లెక్కలు బహిరంగముగా అప్పగింతుమని శాసనమునందు వాగ్దానమున్నను, గడువు వచ్చిననాడు ఆ లెక్కలు వెలువడలేదు. కంపెనీ పాలకుల తీరును నిరసించుచు ఐజాక్ లె మేర్ అను వాటాదారుడు 1609లోనే అధికారులకు వినతిపత్రము సమర్పించెను. వాటాదారుని అసమ్మతికి చరిత్రలో తొలి నిదర్శనముగా పలువురు దీనినే పేర్కొందురు. బోర్డు పుట్టిన పదేండ్లలోపుననే బోర్డుపై ఫిర్యాదును పుట్టినదన్నమాట.

ఇంగ్లీషు కంపెనీ ఇరువదినలుగురి సభ పదునెనిమిదవ శతాబ్దినాటికి డైరెక్టర్ల కోర్టుగా స్థిరపడెను. అందు ఒక ఛైర్మను, ఒక ఉపాధ్యక్షుడు. పనులు పంచుకొనుటకు అనేక ఉపసంఘములు. వానిలో ఉత్తరప్రత్యుత్తరముల సంఘమునకు అగ్రస్థానము. ఒక లేఖ వెళ్లి బదులు వచ్చుటకు ఏడాది దాటు కాలమది. కావున, ఇండియాలోని ప్రతి సమావేశపు చర్చకును, ప్రతి లెక్కకును నకలు వ్రాయించి ఓడపై పంపవలెనని వారు శాసించిరి. ఆ కాగితములను చదివి జవాబుల చిత్తులు తయారుచేయుటకు ప్రత్యేక కార్యాలయముండెను. తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1823 మొదలు 1858 వరకు అందే ఉద్యోగము చేసెను. ఈ పత్రబద్ధమైన పాలనను పలువురు గుమాస్తాతనమని ఈసడించిరి గాని, నా అభిప్రాయమున ఆ కోర్టు సాధించిన మేలేమైన నున్నచో అది యిదే: ఏమి జరిగినదో వ్రాసి యుంచుట, వ్రాసినదానిని చదువుట, చదివి ప్రశ్నించుట.

కాని ఆ కోర్టును లోలోపల తొలిచిన దోషమును అంతే స్పష్టముగా చెప్పవలసియున్నది. డైరెక్టరునకు అసలు లాభము డివిడెండులో లేదు. ఇండియాకు పంపు రైటర్లను, సైనిక కేడెట్లను నియమించు హక్కులో నుండెను. తన మేనల్లునికో, మిత్రుని కుమారునకో కొలువిప్పింపగల పదవికొరకు మనుష్యులు ఎన్నికలలో పెనగులాడిరి. కంపెనీ దివాలాదాపునకు వచ్చినపుడు పార్లమెంటు 1773లో డైరెక్టర్ల పదవీకాలమును నాలుగేండ్లకు పొడిగించి, ఏటికి ఆరుగురు మాత్రమే మారునట్లు చేసెను. 1784లో వారిపై ప్రభుత్వపు బోర్డు ఆఫ్ కంట్రోల్‌ను నిలిపెను. 1853 చట్టము వారి సంఖ్యను పదునెనిమిదికి తగ్గించి, ఆరుగురిని ప్రభుత్వమే నియమించునట్లు చేసి, ఉద్యోగములను పరీక్షల పాలొనర్చెను. ఐదేండ్లకు వారి పాలనయే అంతరించెను.

ఆడమ్ స్మిత్ 1776లో తన మహాగ్రంథమునందు ఈ విషయమును స్పృశించి, పరుల ధనమును నడపువారు స్వంత ధనమును నడపువానివలె జాగరూకులై యుండుదురని ఆశింపరాదని తేల్చెను. ఆ మాటకు పూర్వము 1720 నాటి సౌత్ సీ కంపెనీ పతనమును, డైరెక్టర్ల ఆస్తులను పార్లమెంటు స్వాధీనపరచుకొనుటయు ఇంగ్లండు చూచియున్నది. ఐనను తరువాతి శతాబ్దిన్నరయందు న్యాయస్థానములు డైరెక్టర్లపట్ల చూపిన ఔదార్యము నేటివారికి నమ్మశక్యము కాదు. కార్డిఫ్ సేవింగ్స్ బ్యాంకునకు బ్యూట్ ప్రభువు ఆరునెలల పసివాడై యున్నపుడే, తండ్రి వారసునిగా, అధ్యక్షుడాయెను. పిదప ముప్పదియెనిమిదేండ్లలో ఆయన హాజరైన సమావేశము ఒక్కటి. బ్యాంకు కూలినది, నష్టమునకు ఆయనను బాధ్యుని చేయుటకు దావా నడచెను. ఆయన బాధ్యుడు కాడని 1892లో తీర్పు వెలువడెను! సమావేశమునకు రానివానికి అందు జరిగిన తప్పు తెలియదు గనుక తప్పు లేదట. 1925లో సిటీ ఈక్విటబుల్ బీమా కంపెనీ వ్యాజ్యమునందును, ఛైర్మను చేసిన మోసమును కనిపెట్టని తక్కిన డైరెక్టర్లు, కంపెనీ నియమావళిలోని మినహాయింపు వాక్యమొకటి అడ్డుపడుటచే బయటపడిరి. డైరెక్టరు తనకున్న తెలివిమేరకే మెలగిన చాలుననియు, నిరంతరము కనిపెట్టియుండ నక్కరలేదనియు జస్టిస్ రోమర్ చెప్పిన సూత్రము దశాబ్దులపాటు ప్రమాణముగా చెల్లెను. మినహాయింపు వాక్యములను మాత్రము 1929 నాటి బ్రిటిష్ చట్టము చెల్లకుండ చేసినది.

మనదేశమున కథ వేరొక త్రోవ పట్టెను. పరిమిత బాధ్యతాసూత్రము 1857లో ఇచ్చటికి వచ్చినను, కంపెనీల అసలు పెత్తనము బోర్డుల చేతికి రాలేదు. మేనేజింగ్ ఏజెంట్ల చేతికి పోయినది. 1834లో ద్వారకానాథ టాగూరు కలకత్తాలో నెలకొల్పిన కార్, టాగూర్ కంపెనీతో ఈ పద్ధతికి అంకురార్పణ జరిగినదందురు. ఒక వర్తకసంస్థ తన పలుకుబడితో జనపనారమిల్లునకో, బొగ్గుగనికో, తేయాకుతోటకో మూలధనము సమకూర్చి, దీర్ఘకాలిక ఒప్పందముపై దాని నిర్వహణమును తానే కైకొనును, కమీషను తీసికొనును, సరకు తానే కొనును, తానే అమ్మును. బోర్డు పేరునకుండును. మూలధనము దొరకని దేశమున ఈ ఏర్పాటు పరిశ్రమలను నిలబెట్టినమాట కాదనరానిది. కాని లెక్కలు వ్రాయువాడును, లెక్కలు చూపించువాడును, లాభము పొందువాడును ఒక్కడే యైనపుడు కంచే చేను మేయకుండునా? 1936 సవరణము ఏజెంట్లు నియమింపగల డైరెక్టర్లను మూడవవంతునకు మించకుండ చేసెను. కంపెనీల చట్టమును పరిశీలించిన భాభా సంఘపు నివేదికను పురస్కరించుకొని వచ్చిన 1956 కంపెనీల చట్టము వారి పట్టును మరింత సడలించెను. 1970 ఏప్రిలు 3వ తేదీతో ఆ పద్ధతియే రద్దాయెను.

ఇంగ్లీషువారి కోఠీ వెలసిన మచిలీపట్టణముననే 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన సంగతి ఇచ్చట స్మరింపదగినది. దాదాపు రెండున్నర శతాబ్దులు లండను డైరెక్టర్ల ఆజ్ఞలను చూచిన ఊరు, తన పొదుపునకు తన డైరెక్టర్లను తానే ఏర్పరచుకొనెను.

ఏజెన్సీలు పోయిన పిమ్మట ప్రభుత్వ ఆర్థికసంస్థల ప్రతినిధులు బోర్డులలో కూర్చుండిరి గాని, వారిలో ననేకులు మౌనముద్ర దాల్చిరి. మార్పునకు ప్రేరణము మరల ఇంగ్లండునుండియే వచ్చినది. మాక్స్‌వెల్ సంస్థల, బి.సి.సి.ఐ. బ్యాంకు పతనముల నేపథ్యమున సర్ ఏడ్రియన్ కాడ్బరీ సంఘము 1992 డిసెంబరులో సమర్పించిన నివేదిక, ఛైర్మను పదవిని, ముఖ్య నిర్వాహకుని పదవిని వేరుచేయవలెననియు, ఉద్యోగులు కాని డైరెక్టర్లతో ఆడిట్ కమిటీ ఉండవలెననియు చెప్పినది. ఇచ్చట 1998లో భారత పరిశ్రమల సమాఖ్య నియమావళియు, కుమారమంగళం బిర్లా సంఘపు సిఫారసుల ననుసరించి 2000లో వాటాల విపణిని నియంత్రించు సెబీవారి లిస్టింగు ఒప్పందపు 49వ క్లాజును, 2003లో నారాయణమూర్తి సంఘపు నివేదికయు వెలువడెను. అమెరికాలో ఎన్‌రాన్ బోర్డు 2000లో ఒక వాణిజ్యపత్రిక ఎన్నిన ఐదు ఉత్తమ బోర్డులలో నొకటి. ఆ బోర్డే అంతకు ముందేడు, కంపెనీతోనే బేరములాడు భాగస్వామ్యసంస్థలను కంపెనీ ఆర్థికాధికారి నడపుటకు, నీతినియమావళిని ప్రక్కకుపెట్టి అనుమతించియుండెను. 2001 డిసెంబరులో ఆ కంపెనీ దివాలా తీసినది. ఆ పాఠము మనదాకా రాకపూర్వమే మన నగరముననే దానికి సోదరకథ సిద్ధమగుచుండెను.

1987లో హైదరాబాదున ప్రారంభమైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ బోర్డునందు హార్వర్డు ఆచార్యుడు, పెంటియం చిప్పు రూపకర్తలలో నొకరు, కేంద్ర కేబినెట్ కార్యదర్శిగా పనిచేసినవారు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ కూర్చుండిరి. ఇంతకంటె ఘనమైన పేర్లను కూర్చుట దుర్లభము. 2008లో ఆ కంపెనీకి ఉత్తమ పరిపాలనకై బహుమానము లభించెను. పిదప దానిని వెనుకకు తీసికొనిరి. 2008 డిసెంబరు 16న, ఛైర్మను రామలింగరాజు కుటుంబమునకు చెందిన మేటాస్ సంస్థలు రెండింటిని 160 కోట్ల డాలర్లకు కొనుటకు బోర్డు సమావేశమాయెను. కొందరు ప్రశ్నలు వేసినట్లు మినిట్స్ తెలుపుచున్నను, తీర్మానము ఏకగ్రీవముగా నెగ్గెను. వాటాదారుల ఆగ్రహము చూచి కొన్ని గంటలలోనే దానిని ఉపసంహరించుకొనిరి. 2009 జనవరి 7న రాజు వ్రాసిన లేఖ అసలు సంగతిని బయటపెట్టెను: పుస్తకములలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనేలేవు. లేని ఆస్తుల స్థానమున ఉన్న ఆస్తులను నింపుటకే మేటాస్ బేరము.

ఈ ఉదంతమును తలచినపుడెల్ల ఒక్క సంగతి నన్ను కలతపెట్టును. ఆ బోర్డున విద్యకు కొరత లేదు, అనుభవమునకు కొరత లేదు. వారు చూచిన ప్రతి అంకెయు, ఎవరిని కనిపెట్టియుండవలెనో వారి చేతినుండియే వచ్చుచుండెను. వేలకోట్ల డిపాజిట్లు నిజముగా ఉన్నవా యని బ్యాంకులనుండి ఆడిటర్లు నేరుగా తెప్పించుకొన్న పత్రములను తమ కన్నులతో చూచెదమని ఆ బల్లచుట్టు పట్టుబట్టినవారు లేరైరి. బ్యూట్ ప్రభువు రాక తెలిసికొనలేదు. వీరు వచ్చియు తెలిసికొనలేదు.

ఆ వెనువెంటనే జరిగినది, బోర్డు సమర్థతను గూర్చి నాకు తెలిసిన ఉత్తమోదాహరణము. ప్రభుత్వము పాతబోర్డును తొలగించి దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్ గార్లను, పిదప తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎస్.బి. మైనాక్ గార్లను నియమించెను. ఒకరు గృహఋణ సంస్థ అధ్యక్షుడు, ఒకరు సాఫ్ట్‌వేర్ పరిశ్రమ నెరిగినవారు, ఒకరు న్యాయకోవిదుడు, ఒకరు చార్టర్డ్ అకౌంటెంటు: ఆరుగురును ఆరు తెరంగుల అక్కరకు వచ్చువారు. లెక్కలను తిరిగి చూచుటకు క్రొత్త ఆడిటు సంస్థలను పిలిచిరి. ఖాతాదారులతో స్వయముగా మాటాడిరి. ఉద్యోగుల జీతములకు సొమ్ము సమకూర్చిరి. కంపెనీ లోపలి మనిషినే ముఖ్యాధికారిగా నిలిపిరి. విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి భరూచాగారి పర్యవేక్షణమున వేలము నడపిరి. ఏప్రిలు 13న టెక్ మహీంద్రా వాటా ఒక్కింటికి 58 రూపాయలకు పాడుకొనెను. మూడునెలలలో ఒక మహాసంస్థ, వేలాది కుటుంబముల జీవనాధారము, నిలిచినది.

2013 కంపెనీల చట్టము ఈ అనుభవపు నీడలో రూపొందినది. వాటాలు బజారులో అమ్ముడగు కంపెనీ బోర్డున మూడవవంతు స్వతంత్ర డైరెక్టర్లు, కనీసమొక స్త్రీ ఉండవలెను. ఏటికి నాలుగు సమావేశములు తప్పవు. పండ్రెండునెలలు ఏ సమావేశమునకును రాని డైరెక్టరు పదవి దానంతటదే పోవును. స్వతంత్ర డైరెక్టర్లు ఏటికొకసారియైనను యాజమాన్యము లేకుండ తమలో తాము కూడవలెను. ఆడిట్ కమిటీ బయటి నిపుణుల సలహా తీసికొనవచ్చును. ఏ రికార్డునైనను తెప్పించి చూడవచ్చును. వీనిలో నా దృష్టికి అత్యంత విలువైనది ఈ చివరి అధికారమే, అన్నింటికంటె తక్కువగా వాడబడుచున్నదియు నిదియే. ఛైర్మను, మేనేజింగ్ డైరెక్టరు పదవులను వేరుచేయవలెనన్న, తాను నియమించిన కోటక్ సంఘపు సిఫారసును సెబీ మొదట తప్పనిసరి చేసి, 2022లో ఐచ్ఛికముగా మార్చుట నాకు విచారకరముగా తోచుచున్నది.

బోర్డును కూర్చువాడు ముందుగా చేయవలసినపని, రాబోవు ఐదేండ్లలో కంపెనీ ఎదుర్కొనబోవు చిక్కులను వ్రాసికొని, ఆ చిక్కులెరిగినవారిని వెదకుట. చుట్టములను, స్నేహితులను, శోభకొరకు పెద్దపేర్లను వెదకుట తరువాతి సంగతి గాదు, అసలు చేయరాని పని. కూర్చినపిదప దానిని వాడుకొనవలెను. అజెండా కాగితములు వారము ముందుగా చేరవలెను. సమావేశకాలమునందు అధికభాగము ఉపన్యాసమునకు గాక చర్చకు మిగులవలెను. ఆడిటరు యాజమాన్యము లేనిచోట డైరెక్టర్లతో మాటాడవలెను. భిన్నాభిప్రాయము మినిట్స్‌లో పేరుతో ఎక్కవలెను. చెడువార్తను ముందుగా బోర్డునకు చెప్పిన మేనేజరు శిక్షింపబడని కంపెనీయందే ఇవి యన్నియు పనిచేయును.

హైదరాబాదు, విశాఖ, విజయవాడలలో మందులు, సిమెంటు, సాఫ్ట్‌వేరు పరిశ్రమలను కుటుంబబలముతో పెంచి, నేడు వేలమంది వాటాదారుల సొమ్మును నడపుచున్న మనవారు ఎందరో కలరు. ఆ వాటాదారులలో ఈ వ్యాసము చదువువారును ఉందురు. ప్రతి డైరెక్టరు ఎన్ని సమావేశములకు వచ్చెనో వార్షికనివేదికలో అచ్చగును. స్వతంత్ర డైరెక్టరును రెండవమారు నియమించుటకు ప్రత్యేక తీర్మానము, అనగా పోలైన ఓట్లలో నాలుగింట మూడువంతుల మద్దతు, కావలెను. ఓటును ఇంటనుండియే వేయవచ్చును. ఈ యేడు నివేదిక చేతికి వచ్చినపుడు డివిడెండు అంకెను చూచి మూయక, ఆ హాజరుపట్టికను చదివి, తమ ఓటును తప్పక వినియోగింపుడని పాఠకులను ప్రార్థించుచున్నాను.