బోర్డు వ్రాసిన చేయి

బొబ్బిలి కోట 1757 జనవరిలో కూలినది. తాండ్ర పాపారాయని పేరు మాత్రము నిలిచినది. 1964లో ఆ కథ ‘బొబ్బిలి యుద్ధం’ అను చలనచిత్రమైనప్పుడు దర్శకుడు సీతారామ్ పేరును, నటులు రామారావు, రంగారావుల పేర్లును తెరకెక్కినవి. అట్టి చిత్రములను ఊరూర చాటిన నిలువెత్తు రంగుబొమ్మలను వ్రాసిన వారెవరు?

అచ్చుకాగితమైనచో జాడ కలదు. ముద్రాపకుని పేరును, ఊరును అందుండవలెనని 1867 నాటి చట్టము విధించినది. చేతితో వ్రాసిన బోర్డునకు అట్టి నియమము లేదు. క్రొత్త చిత్రము రాగానే పాతబొమ్మపై రంగు పూయుచుండిరి. మూలనున్న చేవ్రాలును దానితో పోవుచుండెను.

ఇక మిగులునది గురుశిష్య పరంపరయే. పాలకొల్లు చిత్రకారుడు ఈశ్వర్ మదరాసులో కేతా కడ పని నేర్చి, 1967 నాటి ‘సాక్షి’ మొదలుకొని అనేక చిత్రములకు పోస్టర్లు వ్రాసి, తుదకు ‘సినిమా పోస్టర్’ అను గ్రంథమున ఆ కళ చరిత్రను తానే రచించెను.

బొబ్బిలి వీణను చెక్కినది సర్వసిద్ధివారని మనమెరుగుదుము. తండ్రి పని కొడుకు చేపట్టుటచే ఆ పేరు నిలిచినది. బోర్డు వ్రాసినవానికి ఆ భాగ్యము లేదు. పనిని మెచ్చి పనివానిని మరచుట మన సంఘమునకు పాతరోగము. మీ వీథిలో కుంచె పట్టిన వృద్ధుడున్నచో నేడే పోయి, ఆయన పేరును, గురువు పేరును వ్రాసికొనుడు. రేపటికి ఆ గోడకు సున్నము పడవచ్చును.