చెరగని పెళ్లి

పేర్లు వేరు, ఊళ్లు వేరు. గ్రీన్ కార్డు పెళ్లిళ్ల కథలన్నీ కలిపి ఒకడి కథగా చెబుతాను.

కృష్ణా డెల్టా కుర్రాడు. బ్యాంకు లోనుతో, తండ్రి తాకట్టు పెట్టిన రెండెకరాలతో టెక్సాస్‌లో ఎమ్మెస్‌కి వెళ్లాడు. మూడో సెమిస్టర్ ఫీజుకి డబ్బు అందలేదు. కోర్సులు తీసుకోకపోతే యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 రద్దవుతుంది, ఎఫ్-1 విద్యార్థి స్టేటస్ పోతుంది. పోయింది. గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్టులు చేస్తూ, ఫోన్లో మాత్రం "క్లాసులు బాగా జరుగుతున్నాయి నాన్నా" అన్నాడు. నన్నడిగితే పతనం మొదలైంది ఆ అబద్ధంతోనే. పెళ్లి తర్వాతి సంగతి.

సిటిజన్ని చేసుకుంటే గ్రీన్ కార్డు వస్తుందన్న మాట రూమ్మేట్ల మధ్య అప్పటికే నలుగుతోంది. అందులో అబద్ధం లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాలు ఏడాదికి 85,000, వాటికీ లాటరీ. ఉద్యోగం మీద గ్రీన్ కార్డు రావాలంటే మనవాళ్లు ఏళ్లూ పూళ్లూ కాచుక్కూర్చోవాలి. సిటిజన్ భార్యకో భర్తకో కోటా అడ్డు లేదు. చదువుకుంటూ ప్రేమించి, పెళ్లాడి, భాగస్వామి పిటిషన్ ఐ-130, గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 కలిపి వేసి దర్జాగా స్థిరపడినవాళ్లున్నారు. మనవాడికి ప్రేమించే తీరిక లేదు, మధ్యవర్తి దొరికాడు. "కాంట్రాక్ట్ మ్యారేజ్ తమ్ముడూ. కార్డు రాగానే విడాకులు." డబ్బు వాయిదాల్లో ఇవ్వాలి.

ఈ వ్యాపారం ఊహ కాదు. ఫ్లోరిడాలోని బే కౌంటీలో అమెరికన్లను వెతికి, అలబామా తీసుకెళ్లి, భారతీయులతో 80కి పైగా ఉత్తుత్తి పెళ్లిళ్లు జరిపించిన ముఠా మీద కేసు 2018 తర్వాత కోర్టుకెక్కింది. నడిపినవాడూ భారతీయుడే. నేరం ఒప్పుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కౌంటీ ఆఫీసులో సంతకాలయ్యాయి. తలంబ్రాల్లేవు, తల్లికి కబురు లేదు. పెళ్లికూతురు అప్పుల్లో మునిగిన ఒంటరి తల్లి, ఆమె మీదా నాకు కోపం రాదు. చొక్కాలు మార్చుకుంటూ ఒకే పూటలో పుట్టినరోజుకీ క్రిస్మస్‌కీ ఫోటోలు దిగారు.

గ్రీన్ కార్డు ఇంటర్వ్యూలో ఇద్దర్నీ విడదీసి కూర్చోబెట్టారు. నిన్న రాత్రి ఏం తిన్నారు? మంచం మీద ఎవరు ఏ పక్క? పొద్దున్నే ముందు ఎవరు లేస్తారు? జవాబులు కలవలేదు. బెదిరిపోయి ఆమె డబ్బు సంగతి చెప్పేసింది. దొంగపెళ్లి నేరానికి ఐదేళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా ఉన్నాయి. అతని మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. గండం గడిచిందనుకున్నాడు, పిచ్చివాడు. దేశం నుంచి పంపేసే కేసు మాత్రం ఇమిగ్రేషన్ కోర్టులో నానుతూ ఉంది.

ఆ వ్యవధిలోనే ఒక నర్సు పరిచయమైంది. అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఈసారి ప్రేమ నిజం, పెళ్లి నిజం, తల్లి వీడియో కాల్‌లోనే అక్షింతలు వేసింది. పాప పుట్టింది. భార్య ఐ-130 వేసింది. తిరస్కరించారు.

వలస చట్టంలో 204(సి) అని ఒక సెక్షన్ ఉంది. గ్రీన్ కార్డు కోసం ఒకసారి దొంగపెళ్లి చేసుకున్నవాడి కోసం ఆ తర్వాత ఏ భార్య వేసినా, ఏ కంపెనీ వేసినా పిటిషన్ ఆమోదించకూడదు. కోర్టులో శిక్ష పడి ఉండనక్కర్లేదు, ఫైల్లో గట్టి ఆధారం ఉంటే చాలు.

కడుపు తరుక్కుపోయేది ఎక్కడంటే, వీసా మీద సక్రమంగా వచ్చినవాడు సిటిజన్ని నిజంగా పెళ్లాడితే, స్టేటస్ లేకుండా గడిపిన కాలాన్నీ, అనుమతి లేకుండా చేసిన పనినీ అదే చట్టం మామూలుగా అడ్డు పెట్టదు. ఆ నైట్ షిఫ్టులన్నీ మాఫీ అయిపోయేవి. డబ్బిచ్చి ఆ సంతకం కొనుక్కోకుండా ఉంటే ఈ నర్సమ్మ వేసిన కాగితమే అతన్ని గట్టెక్కించేది.

కేసు ముగిసి విజయవాడ వచ్చేశాడు. భార్యాబిడ్డలు అక్కడే ఉన్నారు. 204(సి)కి మినహాయింపు లేదు. కూతురికి 21 ఏళ్లు నిండాక తండ్రి కోసం పిటిషన్ వేయొచ్చు. దానికీ ఇదే సెక్షన్ వర్తిస్తుంది.