అవినాశి రోడ్డు: కొంగునాట తెలుగింటి ఆడపిల్లల కంప్యూటర్ చదువు

కోయంబత్తూరు నడిబొడ్డున మొదలై పీళమేడు మీదుగా సుమారు 40 కిలోమీటర్లు సాగే అవినాశి రోడ్డు, అవినాశిలింగేశ్వరుడి గుడి ఉన్న ఊరికి చేరుతుంది. మొసలి మింగిన పిల్లవాణ్ణి సుందరమూర్తి నాయనారు పాట పాడి బ్రతికించాడన్న కథ ఈ గుడిదే. ఇప్పుడు అవినాశి 2009లో ఏర్పడిన తిరుప్పూరు జిల్లాలో ఉంది. కోయంబత్తూరు, తిరుప్పూరు చుట్టుపక్కల ఉన్న ఈ కొంగునాట ఆడపిల్లలు కంప్యూటర్ చదువులోకి ఎలా వచ్చారో తెలియాలంటే ఈ రోడ్డు పక్కన ఏ కాలంలో ఏవి వెలిశాయో చూడాలి. ముందు పత్తి చేలు, తర్వాత మిల్లులు, ఆ తర్వాత కాలేజీలు, చివరికి సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వచ్చాయి. ఈ వరుసలో ప్రతి మెట్టు మీదా తెలుగు మాట్లాడే ఇళ్లు కనిపిస్తాయి. అయితే అవన్నీ ఒకే రకం ఇళ్లు కావు.

విజయనగర కాలంలోనూ, 1529లో మొదలైన మదురై నాయకుల ఏలుబడిలోనూ ఉత్తరం నుంచి తెలుగువాళ్లు తరతరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నల్లరేగడి నేలల్లో పత్తి పండించిన కమ్మనాయుళ్లు, బలిజలు, గవరలు, మగ్గం నేసిన దేవాంగులు వారిలో ఉన్నారు. ఊరి చివర కాలనీల్లో ఉంటూ తోలుపని, పారిశుద్ధ్యం, కూలి పనులు చేసిన అరుంధతియార్లూ ఉన్నారు. వారిలో చాలా కుటుంబాలు నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. పెద్ద రైతు ఇంట్లోనూ, అతని పొలంలో కూలికి పోయే ఇంట్లోనూ అమ్మను పిలిచే మాట ఒకటే. కంప్యూటర్ మాత్రం ఈ రెండు ఇళ్లకూ ఒకే కాలంలో చేరలేదు.

కోయంబత్తూరులో తొలి నూలు మిల్లును రాబర్ట్ స్టేన్స్ 1888లో పెట్టాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు ఇదే రోడ్డు మీద పాపనాయకన్‌పాళయంలో లక్ష్మీ మిల్లును స్థాపించాడు. 1930ల తొలినాళ్లలో పైకారా జలవిద్యుత్తు అందడంతో మిల్లులు వేగంగా పెరిగాయి. పత్తి అమ్మి, నూలు వడికి కూడబెట్టిన సొమ్ములో కొంత చదువుకు మళ్లింది. పీళమేడుకు చెందిన పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుమారులు 1926లో పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్‌ను నెలకొల్పారు. ఆ సంస్థ 1951లో ఇంజనీరింగ్ కళాశాల తెరిచింది. 1956లో వి. రంగస్వామి నాయుడి పేరిట ఉన్న ట్రస్టు కోయంబత్తూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని ప్రారంభించింది. మోటార్లు, బస్సులు, యంత్రాలలో పేరు తెచ్చుకున్న జి.డి. నాయుడు (1893–1974) సాంకేతిక విద్య కోసం పాటుపడినదీ ఈ ఊళ్లోనే. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరిచిన 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు.

ఈ తొలి ఇంజనీరింగ్ కాలేజీలు మిల్లులకు, ఫౌండ్రీలకు, మోటారు ఫ్యాక్టరీలకు మనుషుల్ని తయారుచేయడానికి పుట్టినవి. ఆ కాలంలో ఇంజనీరంటే మగవాడేనన్నది అందరి మనసుల్లో నాటుకుపోయిన సంగతి. అప్పటికే ఒక తెలుగు యువతి ఆ నమ్మకాన్ని కదిలించింది. మద్రాసులో ఇంజనీరింగ్ ప్రొఫెసర్ పప్పు సుబ్బారావు కూతురు అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుంది. చేతిలో నెలల పసిబిడ్డ. తండ్రి అండతో 1940లో గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరింది. ఆ రోజుల్లోనే సివిల్ బ్రాంచిలో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి చేరారు. డిగ్రీ పట్టాల మీద అచ్చులో ఉన్న ‘అతడు’ అన్న మాటను కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో దిద్ది ఇవ్వవలసి వచ్చింది. లలిత తర్వాత కలకత్తాలో ఏఈఐ సంస్థలో పనిచేసింది, భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో పాలుపంచుకుంది, 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లింది. ఆమె సాధించినది చాలా పెద్దది. కానీ ఆ దారి ప్రొఫెసర్ తండ్రి ఉన్న కూతురికి దొరికిన దారి. మామూలు ఇళ్ల పిల్లలకు అలాంటిది దొరకడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

కోయంబత్తూరులో ఆ దారి ఇంజనీరింగ్ కాలేజీల గుండా రాలేదు, మహిళా కళాశాలల గుండా వచ్చింది. మద్రాసు రాష్ట్ర విద్యామంత్రిగా పనిచేసిన టి.ఎస్. అవినాశిలింగం చెట్టియార్, అవినాశి స్వామి పేరు పెట్టుకున్న తిరుప్పూరు మనిషి, 1957లో గృహవిజ్ఞాన కళాశాల పెట్టాడు. రాజమ్మాళ్ దేవదాస్ దాన్ని పోషకాహార పరిశోధనకు పేరుపడ్డ సంస్థగా పెంచింది. 1988లో అది మహిళల డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. మరోవైపు పీళమేడులో జి.ఆర్. గోవిందరాజులు, చంద్రకాంతి దంపతులు 1963లో పీఎస్‌జీఆర్ కృష్ణమ్మాళ్ మహిళా కళాశాలను స్థాపించారు. వారిది తెలుగు నాయుళ్ల కుటుంబమే. 2022లో కేంద్రం ప్రకటించిన కళాశాలల జాతీయ ర్యాంకుల్లో ఇది ఆరో స్థానంలో నిలిచింది. మదురైలో ఇదే పనిని క్రైస్తవ మిషనరీలు చేశారు. 1948లో లేడీ డోక్, 1953లో ఫాతిమా కళాశాలలు వచ్చాయి.

గృహవిజ్ఞానం ఆడపిల్లను వంటింటికే కట్టిపడేసిందని విమర్శించేవాళ్లున్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయినా ఆ రోజుల్లో కూతుర్ని ఊరు దాటి హాస్టల్లో ఉంచడానికి ఒప్పుకున్న తండ్రులు చాలామంది ‘ఆడవాళ్ల కాలేజీ’ అన్న భరోసాతోనే ఒప్పుకున్నారు. ఒకసారి హాస్టలు, లైబ్రరీ, ల్యాబు, ఆడ లెక్చరర్లు ఏర్పడ్డాక ఆ గదుల్లోకి కొత్త పాఠాలు రావడం తేలికైంది. గణితం, గణాంకశాస్త్రం బోధించిన విభాగాలే 1980లలో, 90లలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలకు ఆధారమయ్యాయి.

అదే కాలంలో బయట రెండు మార్పులు జరిగాయి. తమిళనాడు 1984 నుంచి సొంత ఫీజులతో నడిచే ఇంజనీరింగ్ కళాశాలలకు అనుమతి ఇచ్చింది. 1981లో పుట్టిన ఎన్ఐఐటీ, తర్వాత ఆప్టెక్ లాంటి శిక్షణ సంస్థలు చిన్న పట్టణాలకూ చేరాయి. మెకానికల్ బ్రాంచిలో ఆడపిల్లను చేర్చడానికి వెనకాడిన కుటుంబాలు కంప్యూటర్ బ్రాంచికి వెంటనే తలూపాయి. ఫౌండ్రీ వేడి లేదు, సైటు మీద ఎండ లేదు, ఏసీ గదిలో కూర్చుని చేసే పని, పెళ్లయి ఏ ఊరు వెళ్లినా దొరికే పని. ఈ లెక్కలో ఆడవాళ్ల గురించిన పాత అభిప్రాయాలన్నీ ఉన్నాయి. కానీ ఆ అభిప్రాయాలే ఈసారి తలుపు మూయకుండా తెరిచాయి.

అమెరికాలో జరిగినది దీనికి సరిగ్గా ఎదురు. 1946లో ప్రపంచానికి చూపిన ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు రాసినది ఆరుగురు స్త్రీలు. 1980ల మధ్యలో అక్కడ కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు పొందినవారిలో స్త్రీలు సుమారు 37 శాతం. తర్వాత ఆ వాటా పడిపోయి 18 శాతం దగ్గరికి వచ్చింది. ఇళ్లలోకి వచ్చిన పర్సనల్ కంప్యూటర్‌ను అబ్బాయిల ఆటవస్తువుగా అమ్మడం, దాంతో ఆడుకుని వచ్చినవాళ్లే తరగతిలో ముందుండడం దీనికి ప్రధాన కారణాలుగా పరిశోధకులు చూపారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ప్రవేశ విధానాన్నీ తొలి ఏడాది పాఠాలనూ మార్చి, కొత్తగా చేరేవారిలో స్త్రీల వాటాను 1995లో ఉన్న 7 శాతం నుంచి 2000 నాటికి 42 శాతానికి పెంచింది. కొంగునాట ఆ చిక్కు ముందే లేకుండా పోయింది. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలు ఆడా మగా ఇద్దరూ అరుదే. ఇద్దరూ దాన్ని మొదటిసారి చూసినది కాలేజీ ల్యాబులోనే. తొలి పాఠం నాడు అందరూ ఒకే గీత మీద నిలబడ్డారు.

అయితే ఆ గీత దాకా రాలేకపోయిన పిల్లలు ఎందరో. అవినాశి, పల్లడం, సోమనూరు చుట్టూ ఉన్న నూలు మిల్లుల్లో 1990ల తర్వాత ‘సుమంగళి తిట్టం’ (సుమంగళి పథకం) అనే ఏర్పాటు విస్తరించింది. పదో తరగతి కూడా దాటని పేద ఆడపిల్లల్ని మూడేళ్లు మిల్లు హాస్టల్లో ఉంచి పనిచేయించుకోవడం, గడువు ముగిశాక కట్నానికి పనికొచ్చేలా 30 వేల నుంచి 50 వేల రూపాయల దాకా ఒకేసారి ఇస్తామని చెప్పడం దాని పద్ధతి. మధ్యలో మానేస్తే ఆ మొత్తం పోయినట్టే. నెదర్లాండ్స్ సంస్థలు 2011లో ప్రచురించిన నివేదికతో ఇది ప్రపంచం దృష్టికి వచ్చింది. ఈ మిల్లుల్లో పనిచేసిన పిల్లల్లో దళితులు, వారిలో తెలుగు మాట్లాడే అరుంధతియార్ల బిడ్డలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అవినాశి రోడ్డుకు ఒక చివర కృష్ణమ్మాళ్ కళాశాలలో ప్రోగ్రామింగ్ నేర్చుకున్న అమ్మాయిలు, మరో చివర అదే వయసులో రాత్రి షిఫ్టులో నూలు అతికిన అమ్మాయిలు. ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయన్నది ఈ చరిత్రలో మరచిపోకూడని సంగతి.

ఆ దూరాన్ని తగ్గించినవి ప్రధానంగా ప్రభుత్వ నిర్ణయాలు. 2006 చట్టంతో తమిళనాడు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షను రద్దుచేసి ప్లస్ టూ మార్కులనే ప్రమాణంగా పెట్టుకుంది. కోచింగ్‌కు డబ్బు లేని పల్లె పిల్లలకు, అందులోనూ ప్లస్ టూలో ఏటా ముందుండే ఆడపిల్లలకు ఇది ఊరట. 2009లో షెడ్యూల్డ్ కులాల 18 శాతం రిజర్వేషన్‌లో అరుంధతియార్లకు 3 శాతం విడిగా కేటాయించారు. అంతవరకూ ఆ వర్గంలో బాగా వెనకబడినవారికి ఇంజనీరింగ్ సీటు దక్కడం అరుదు. దీని మీద న్యాయపోరాటం చాలాకాలం నడిచి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఇంట్లో మొదటి పట్టభద్రులయ్యే పిల్లలకు ట్యూషన్ ఫీజు రాయితీ 2010లో వచ్చింది. 2011లో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు ఉచిత లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలైంది. చాలా ఇళ్లలో అదే తొలి కంప్యూటర్.

మూవలూరు రామామృతం అమ్మాళ్ పేరిట ఉన్న పథకం కథను కాస్త ఆగి చూడాలి. 1989లో అది పేద అమ్మాయిల పెళ్లికి ఇచ్చే సాయంగా పుట్టింది. 2011 తర్వాత మంగళసూత్రానికి బంగారం కూడా జోడించారు. 2022 సెప్టెంబరులో పెళ్లి సాయాన్ని ఆపి, ప్రభుత్వ బడిలో చదివి డిగ్రీకో డిప్లొమాకో చేరిన అమ్మాయికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో వేసే ‘పుదుమై పెన్’ పథకంగా మార్చారు. మిల్లు యజమాని పెళ్లి ఖర్చును ఎర చూపిన ప్రాంతంలో, ప్రభుత్వం పెళ్లి డబ్బును చదువు డబ్బుగా మార్చడం సరైన జవాబు. 2021 నుంచి ఆడవాళ్లకు సాధారణ టౌను బస్సుల్లో టికెట్ లేదు. ఊరి కాలనీ నుంచి రోజూ కాలేజీకి వెళ్లి వచ్చే అమ్మాయికి ఆ ఆదా చిన్నదేమీ కాదు.

తెలుగు రాష్ట్రాలు వేరే దారి పట్టాయి. అక్కడ ఇంజనీరింగ్ సీట్లలో మూడో వంతు మహిళలకు కేటాయించారు. 1983లో తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1997లో హైదరాబాదులో జి. నారాయణమ్మ ఇంజనీరింగ్ కళాశాల వచ్చాయి. ఐఐటీలు కూడా 2018 నుంచి ఆడపిల్లల కోసం అదనపు సీట్లు చేర్చాయి. తమిళనాడు ఇంజనీరింగ్ ప్రవేశాల్లో స్త్రీలకు విడిగా కోటా లేకుండానే కంప్యూటర్ తరగతులు ఆడపిల్లలతో నిండాయి.

కొంగునాటి తెలుగు పిల్లలకు భాష కూడా ఒక ప్రత్యేకమైన బరువు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి లిపి రాదు. బడిలో తమిళం, కోడ్ రాసేటప్పుడు ఇంగ్లీషు. అన్నా విశ్వవిద్యాలయం 2010లో తమిళంలో ఇంజనీరింగ్ మొదలుపెట్టినప్పుడు సివిల్, మెకానికల్ బ్రాంచీలకే పరిమితం చేసింది. ప్రభుత్వ బడి నుంచి వచ్చిన అమ్మాయికి మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ తర్కం కంటే ఇంగ్లీషు పాఠ్యపుస్తకమే పెద్ద అడ్డంకి అవుతుంది.

ఉద్యోగాల విషయానికొస్తే, 2010లో పీళమేడు సమీపాన విళాంకురిచ్చిలో టైడల్ పార్కు తెరుచుకున్నాక కోయంబత్తూరు అమ్మాయిలు చెన్నైకో బెంగళూరుకో వెళ్లకుండానే సాఫ్ట్‌వేర్ పనిలో చేరే వీలు కలిగింది. అంతకు పదేళ్ల ముందు, 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఫ్యాక్టరీల చట్టంలో స్త్రీలకు రాత్రి పనిని నిషేధించిన క్లాజును కొట్టివేసింది. మిల్లు కార్మికురాలి పిటిషన్ మీద వచ్చిన ఆ తీర్పు, రాత్రి పని కావాలో వద్దో తేల్చే హక్కు స్త్రీదేనని, ఇంటికి చేర్చే వాహనం, భద్రత కల్పించవలసిన బాధ్యత యాజమాన్యానిదని స్పష్టం చేసింది. చేరడం సులువైనా నిలబడడం కష్టంగానే ఉంది. పెళ్లి తర్వాత, మొదటి కాన్పు తర్వాత ఉద్యోగం మానేసేవాళ్లు ఎక్కువ కావడంతో పై పదవుల్లో స్త్రీలు తక్కువ. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలన్న నిబంధన వచ్చింది. ఆ నిబంధన పెద్ద కంపెనీల్లో అమలవుతున్నంతగా, ఒప్పంద ఉద్యోగుల్ని సరఫరా చేసే చిన్న సంస్థల్లో అమలు కావడం లేదు. ఇంట్లో మొదటి పట్టభద్రులైన అమ్మాయిలు తొలి ఉద్యోగానికి చేరేది ఎక్కువగా అలాంటి చోట్లే.