ఇల్లు ఇవ్వని పౌరసత్వం

హాంకాంగ్‌లో లక్షలమంది దగ్గర ఒక పాస్‌పోర్టు ఉంది. అట్ట మీద బ్రిటన్ రాజముద్ర, లోపల ‘బ్రిటిష్ జాతీయుడు’ అన్న మాట. అయినా ఆ పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన బ్రిటన్‌లో కాపురం పెట్టే హక్కు రాదు. అలాంటి పత్రం ఎలా పుట్టిందో తెలియాలంటే 1948కి వెళ్లాలి.

ఆ ఏడు చేసిన చట్టం ప్రకారం లండన్‌లో పుట్టినా, నైరోబీలో పుట్టినా, హాంకాంగ్‌లో పుట్టినా ఒకటే పౌరసత్వం. ఎవరైనా ఓడెక్కి వచ్చి బ్రిటన్‌లో స్థిరపడవచ్చు. 1962లో ఆ తలుపు సగం మూశారు. 1968లో కెన్యా నుంచి గుజరాతీలు, పంజాబీలు బ్రిటిష్ పాస్‌పోర్టులతో వస్తుంటే పార్లమెంటు మూడే రోజుల్లో కొత్త చట్టం చేసి అడ్డం పడింది. తనో, తల్లిదండ్రులో, తాతలో బ్రిటన్‌లో పుట్టి ఉంటే సరే, లేకపోతే పాస్‌పోర్టు ఉన్నా ఆగాల్సిందే. కెన్యాలోని తెల్లవారిలో చాలామందికి ఆ షరతు అడ్డు కాలేదు. అది జాతి వివక్షేనని ఐరోపా మానవ హక్కుల కమిషన్ 1973లో తేల్చింది. ఈలోగా 1971 చట్టం ‘నివాస హక్కు’ను పౌరసత్వం నుంచి విడదీసి, విడిగా ఒక హక్కుగా నిలబెట్టింది. అసలు కీలకం అక్కడే ఉంది. ఆ తర్వాత జరిగినదంతా దాని కొనసాగింపే.

1983 జనవరి 1 నుంచి హాంకాంగ్ వాసులు బ్రిటన్‌లో నివాస హక్కు లేని ‘ఆధారిత ప్రాంతాల పౌరులు’ అయ్యారు. అదే ఏడు, అర్జెంటీనాతో యుద్ధం ముగిసిన ఫాక్‌లాండ్స్ దీవుల్లో రెండు వేలకు మించని జనానికి పూర్తి పౌరసత్వం ఇచ్చారు. హాంకాంగ్‌లో అప్పటికి యాభై లక్షల మందికి పైగా ఉన్నారు. వాళ్లకు ఇవ్వలేదు.

1984 డిసెంబర్‌లో బ్రిటన్ ప్రధాని థాచర్, చైనా ప్రధాని జావో జియాంగ్ బీజింగ్‌లో ఒప్పందంపై సంతకాలు చేశారు. 1997లో హాంకాంగ్ చైనాకు వెళ్తుందని ఖాయమైంది. మరి అక్కడి బ్రిటిష్ ప్రజల మాటేమిటి? జవాబుగా 1987 జూలై 1న ‘బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్’ హోదా మొదలైంది. గడువులోగా దరఖాస్తు చేసుకున్నవారికే వస్తుంది, పిల్లలకు సంక్రమించదు, నివాస హక్కు ఉండదు. పక్కనున్న మకావ్‌లో పోర్చుగల్ మాత్రం తన పౌరులకు పూర్తి పౌరసత్వమే ఉంచింది. పోర్చుగల్ ఐరోపా సమాఖ్యలో ఉంది కాబట్టి మకావ్ వాసి ఆ పాస్‌పోర్టుతో లండన్‌లో ఉండగలిగాడు. బ్రిటన్ పాలనలో పుట్టిన హాంకాంగ్ వాసికి ఆ వీలు లేకపోయింది.

బీజింగ్‌లో నిరసనకారులపై తియానన్మెన్ కాల్పుల తర్వాత 1990లో యాభై వేల కుటుంబాలకు పౌరసత్వం ఇచ్చే చట్టం చేశారు. మిగతావారికి అదే పాత హోదా.

హాంకాంగ్‌లోని భారతీయుల పరిస్థితి మరీ దారుణం. కౌలూన్‌కు పడవలు నడిపే స్టార్ ఫెర్రీని మొదలుపెట్టింది పార్సీ దొరాబ్జీ నౌరోజీ. హాంకాంగ్ విశ్వవిద్యాలయ భవనానికి డబ్బిచ్చింది మరో పార్సీ, హోర్ముస్‌జీ మోదీ. సింధీ వర్తకులు, సిక్కు పోలీసులు తరాలుగా అక్కడే ఉన్నారు. చైనా తన పౌరసత్వాన్ని చైనీయుల సంతతికే పరిమితం చేసింది. దాంతో బ్రిటన్ కాదంటే వీళ్లకు మరో దేశం లేదు. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా, అప్పగింతకు మూడు నెలల ముందు, 1997 మార్చిలో, వేరే దేశ పౌరసత్వం లేనివాళ్లకు బ్రిటిష్ పౌరసత్వం ఇచ్చే చట్టం వచ్చింది. ఇవ్వాల్సినదాన్ని అంత ఆలస్యంగా ఇవ్వడాన్ని ఉదారత అనలేను.

2020 జూన్ 30న హాంకాంగ్‌లో జాతీయ భద్రతా చట్టం అమల్లోకి వచ్చాక లండన్ మనసు మార్చుకుంది. 2021 జనవరి 31 నుంచి ‘బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్’ హోదా ఉన్నవారికి ప్రత్యేక వీసా ఇస్తోంది. ఐదేళ్లు ఉంటే శాశ్వత నివాసానికి, మరో ఏడాదికి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అదే రోజు నుంచి ఆ హోదా పాస్‌పోర్టును గుర్తించబోమని చైనా ప్రకటించింది.

బ్రిటన్ ఇప్పుడిచ్చేది రుసుము కట్టి తీసుకోవాల్సిన వీసాయే, నివాస హక్కు కాదు. 1948లో హాంకాంగ్ వాసికి ఉన్న హక్కు ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు.