కార్బైడ్ గన్: ‘ఇంట్లో ప్రయత్నించొద్దు’ అని రాస్తే బాధ్యత తీరిపోతుందా?

2025 అక్టోబర్ 20న దీపావళి. పండగ ముగిసేసరికి భోపాల్‌లోని హమీదియా ఆసుపత్రితో పాటు మధ్యప్రదేశ్‌లోని పలు ఆసుపత్రుల కంటి వార్డులకు పిల్లల తాకిడి పెరిగింది. మూడు రోజుల్లో 122 మందికి పైగా పిల్లలు కంటి గాయాలతో చేరారని, వారిలో 14 మంది చూపు కోల్పోయారని అప్పటి వార్తా కథనాలు తెలిపాయి.

ఈ గాయాలకు కారణం రాకెట్లో, లక్ష్మీ బాంబులో కాదు. ప్లాస్టిక్ పైపుతో చేసిన ‘కార్బైడ్ గన్’. బజారులో దీన్ని 150 నుంచి 200 రూపాయలకు బొమ్మలా అమ్మారు. సోషల్ మీడియాలో వీడియోలు చూసి ఇంట్లోనే తయారు చేసుకున్న పిల్లలూ ఉన్నారు. వీటిని అమ్మకుండా చూడాలని రాష్ట్ర ప్రభుత్వం అక్టోబర్ 18నే ఆదేశించింది. అయినా విదిశ లాంటి చోట్ల అమ్మకాలు బాహాటంగానే సాగాయి. తర్వాత అక్కడి పోలీసులు ఆరుగురిని అరెస్టు చేశారు.

అమ్మినవారిపై కేసులు పెట్టొచ్చు. మరి, తయారీ విధానాన్ని లక్షల మందికి చూపించినవారి సంగతేంటి?

పొలం నుంచి పండగకు

ఈ పరికరం దీపావళి కోసం పుట్టింది కాదు. పంటల మీద పడే కోతులను, పక్షులను పెద్ద శబ్దంతో బెదరగొట్టేందుకు దేశంలో చాలా చోట్ల రైతులు ఇలాంటివి వాడుతున్నారు. కోతుల బెడద ఎక్కువగా ఉన్న తెలుగు పల్లెలకూ ఇది కొత్త కాదు. పొలంలో ఒక అవసరం కోసం పెద్దవాళ్లు వాడే వస్తువు, రీల్స్‌లోకి ఎక్కాక పిల్లల ఆటవస్తువుగా మారింది.

ఇందులో వాడే కాల్షియం కార్బైడ్ మనకు మామిడికాయలను మగ్గబెట్టే మందుగా తెలుసు. పండ్లను మగ్గబెట్టేందుకు దీన్ని వాడకూడదని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఇది నీటితో కలిస్తే ఎసిటిలీన్ వాయువు వెలువడుతుంది. వెల్డింగ్ షాపుల్లో ఇనుమును కోసేందుకు వాడే వాయువు ఇదే.

కంటికే ఎందుకంత ముప్పు?

వంటగ్యాస్ గాలిలో సుమారు 2 నుంచి 10 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. ఎసిటిలీన్ విషయంలో ఆ పరిధి సుమారు 2.5 నుంచి 80 శాతం. అంటే వాయువు తక్కువగా ఉన్నా, ఎక్కువగా ఉన్నా పేలే అవకాశం ఉంటుంది. అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. పేలుడు ఒత్తిడిని తట్టుకునేలా ప్లాస్టిక్ పైపులను తయారు చేయరు. పగిలితే ఆ ముక్కలే తూటాల్లా దూసుకొస్తాయి.

రెండో ముప్పు రసాయనికమైనది. కార్బైడ్, నీరు కలిశాక మిగిలేది సున్నం. తాంబూలంలోకి వాడే సున్నం పిల్లల కంట్లో పడితే ఎంత నష్టమో మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. సున్నం లాంటి క్షారాలు చాలా ఆమ్లాల కన్నా లోతుగా కంటి పొరల్లోకి చొచ్చుకుపోతాయి. పేలుడుతో పాటు మంట, ముక్కలు, సున్నం కలిసి ఒకేసారి కంటిని తాకుతాయి.

అసలు ప్రమాదం చాలాసార్లు పేలనప్పుడే మొదలవుతుంది. గన్ పేలకపోతే పిల్లలు ఏమైందోనని గొట్టంలోకి తొంగి చూస్తారు. లోపల వాయువు అలాగే ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో పేలితే ముఖం ఎదురుగా ఉంటుంది.

వీడియోలో కనిపించనిది

ముప్పై సెకన్ల రీల్‌లో పైపులు, శబ్దం, నవ్వులు కనిపిస్తాయి. పేలకుండా పోయిన సందర్భాలు ఎడిటింగ్‌లో పోతాయి. తీసిన వ్యక్తికి ఉన్న అనుభవం, అతను నిలబడిన దూరం, చుట్టూ ఎవరూ లేకుండా తీసుకున్న జాగ్రత్త తెర మీదకు రావు. చూసేవారికి మిగిలేది ఒక్కటే: ఇది తేలిక, చవక, సరదా.

‘నిపుణుల పర్యవేక్షణలో చేశాం, మీరు ప్రయత్నించొద్దు’ అన్న వాక్యం ఈ లోటును పూడ్చలేదు. అది తెలుగులోనో, హిందీలోనో కాకుండా ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాల్లో ఉంటే పదేళ్ల పిల్లాడు చదవనే చదవడు. పైగా చేసే విధానమంతా చూపించి చివర్లో చేయొద్దనడంలో ఎవరిని కాపాడాలన్న ఉద్దేశం ఉందో ఆలోచించాలి.

అమెరికా, చైనా అనుభవాలు

చెక్కపై హై వోల్టేజ్ విద్యుత్తును ప్రవహింపజేసి మెరుపుతీగల్లాంటి డిజైన్లు తెప్పించే ‘ఫ్రాక్టల్ వుడ్ బర్నింగ్’ ఇలాగే వీడియోల ద్వారా వ్యాపించింది. పాత మైక్రోవేవ్ ఓవెన్ల భాగాలతో దీన్ని చేయబోయి విద్యుదాఘాతంతో 30 మందికి పైగా చనిపోయారు. అమెరికాలోని చెక్క కళాకారుల సంఘం ‘అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్’ తన కార్యక్రమాల్లో దీన్ని నిషేధించింది. తన ప్రచురణల్లో ఈ పద్ధతిని ప్రోత్సహించే వ్యాసాలకూ చోటివ్వడం మానేసింది.

2022లో ఆస్ట్రేలియా యూట్యూబర్ ఆన్ రియర్డన్ ఈ పద్ధతి ఎంత ప్రాణాంతకమో వివరిస్తూ వీడియో చేశారు. యూట్యూబ్ మొదట ఆ హెచ్చరిక వీడియోనే తొలగించింది. ఎలా చేయాలో చూపించే వీడియోలు మాత్రం అలాగే ఉండిపోయాయి. విమర్శలు వచ్చాక ఆమె వీడియోను పునరుద్ధరించింది. ప్రమాదాన్ని ప్రోత్సహించే వీడియోకు, ప్రమాదం గురించి చెప్పే వీడియోకు తేడాను వేదికలు ఎల్లప్పుడూ సరిగ్గా గుర్తించలేవని ఈ ఘటన చూపించింది.

2019లో చైనాలోని షాన్‌డాంగ్ ప్రావిన్సులో ఇద్దరు బాలికలు డబ్బాలో ఆల్కహాల్ మండించి పాప్‌కార్న్ చేయబోగా పేలుడు జరిగింది. 14 ఏళ్ల బాలిక చనిపోయింది, 12 ఏళ్ల బాలిక తీవ్రంగా గాయపడింది. వాళ్లు ఒక ప్రముఖ వీడియో సృష్టికర్తను అనుకరించారని కుటుంబాలు ఆరోపించాయి. తన పద్ధతి వేరని, తన వీడియోలు పాఠాలు కావని ఆమె వాదించారు. అయినా రెండు కుటుంబాలకూ పరిహారం చెల్లించారు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో కార్బైడ్ నిల్వ, రవాణాపై కాల్షియం కార్బైడ్ నిబంధనలు, 1987 ఉన్నాయి. పేలుడు పదార్థాలతో నిర్లక్ష్యంగా వ్యవహరించడం భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 288 కింద నేరం. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే పనులకు సెక్షన్ 125, నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే సెక్షన్ 106 వర్తిస్తాయి.

వీడియో చూసి మరొకరు చేసిన పనికి, ఆ వీడియో తీసినవారిని ఈ సెక్షన్ల కింద బాధ్యులను చేయడం మాత్రం తేలిక కాదు. గాయానికి, వీడియోకు ఉన్న సంబంధాన్ని కోర్టులో రుజువు చేయాలి. వేదికలకు ఐటీ చట్టంలోని సెక్షన్ 79 కింద రక్షణ ఉంది. తగిన జాగ్రత్తలు పాటించినంత కాలం, వినియోగదారులు పెట్టిన కంటెంట్‌కు అవి బాధ్యత వహించనక్కర్లేదు.

చట్టం చేరలేని ఈ చోటే పంచుకునేవారి విచక్షణ పనిచేయాలి.

పంచుకునే ముందు

సొంతంగా వస్తువులు చేసుకోవడం, చేసింది నలుగురికి చూపించడం మంచి అలవాటే. చెత్త నుంచి సైన్స్ బొమ్మలు చేయించిన అరవింద్ గుప్తా తన పుస్తకాలను, వీడియోలను అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తప్పు చేస్తే ఆ బొమ్మ పనిచేయదు, అంతే. కార్బైడ్ గన్ విషయంలో తప్పు చేస్తే కన్ను పోతుంది. పంచుకోవచ్చా లేదా అని తేల్చుకోవడానికి ఈ తేడాయే మొదటి కొలమానం.

• ఒక్క పొరపాటుకు ప్రాణమో, అవయవమో పోయే పని అయితే తయారీ విధానాన్ని చూపించకపోవడమే మంచిది. ఫలితాన్ని, దాని వెనకున్న సైన్స్‌ను చెబితే చాలు.

• ప్రమాదం పరిమితమైన పనుల్లో కళ్లద్దాలు, చేతి తొడుగులు వాడుతూ కనిపించాలి. హెచ్చరిక మొదట్లోనే, చూసేవారి భాషలో ఉండాలి.

• విఫలమైన ప్రయత్నాలను, గాయాలను దాచకూడదు.

• వీడియో చూసి ఎవరైనా గాయపడ్డారని తెలిస్తే దాన్ని వెంటనే తొలగించాలి. చూసిన వ్యూస్ కన్నా అది ముఖ్యం.

చూసేవారికీ ఒక పని ఉంది. ఇలాంటి వీడియో కనిపిస్తే కోపంతోనైనా సరే షేర్ చేయకుండా రిపోర్ట్ చేయాలి. షేర్ చేసిన ప్రతిసారీ అది మరో పిల్లాడి ఫోన్‌కు చేరుతుంది.

గాయమైతే ఏం చేయాలి?

కంటిని నలపకూడదు. సున్నమో, రసాయనమో పడితే వెంటనే శుభ్రమైన నీటిని ధారగా పోస్తూ కనీసం 15 నిమిషాలు కడగాలి. పాలు, నెయ్యి, నూనె, పసర్లు వేయకూడదు. ఏదైనా ముక్క కంట్లో గుచ్చుకుంటే దాన్ని లాగకూడదు, కంటిపై ఒత్తిడి పడనివ్వకూడదు. చూపు బాగానే ఉన్నట్టు అనిపించినా అదే రోజు కంటి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. క్షారం చేసే నష్టం చాలాసార్లు కొన్ని గంటల తర్వాతే పూర్తిగా బయటపడుతుంది.