పరుగును పట్టిన కెమెరా: జార్జ్ దెమెనీ కథ



ఫ్రాన్సు పేరు చెప్పగానే మన తెలుగువాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన సాగింది గదా. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ ఫ్రాన్సులో పుట్టిన ఒక మనిషి కథ. ఆయన పేరు జార్జ్ దెమెనీ. సగం జీవితం క్రీడాకారుల ఫోటోలు తీయడంలో గడిపాడు. మిగతా సగం బడిపిల్లల వ్యాయామం బాగుపడాలని పాటుపడ్డాడు. ఈ రెండు పనులూ ఆయన దృష్టిలో ఒకటే. లోకం మాత్రం అలా చూడలేదు. అక్కడే ఆయనకు చిక్కులు వచ్చాయి.

ఈ కథ మనకెందుకు అంటారేమో. మన బళ్ళలో ఏటా ఆటల పోటీలు జరుగుతాయి. కర్ణాటక సరిహద్దులోని తెలుగు బడి కానివ్వండి, ఒడిశా వైపు బడి కానివ్వండి, పద్ధతి ఒక్కటే. పోటీలయ్యాక ఫోటోగ్రాఫరు వస్తాడు. కప్పు గెలిచినవాడు ముందు వరసలో నిలబడతాడు. పరుగులో వెనకబడినవాడు, బొద్దుగా ఉన్న పిల్ల, నీరసంగా ఉండే పిల్లవాడు ఫోటోలో కనిపించరు. వ్యాయామం ఎవరికోసం, ఫోటో ఎవరికోసం అన్న ప్రశ్న దెమెనీ నూట నలభై ఏళ్ళ కిందటే వేసుకున్నాడు. అందుకే ఆయన్ని తలచుకోవాలి.

దెమెనీ 1850లో ఉత్తర ఫ్రాన్సులోని దువే అనే ఊళ్ళో పుట్టాడు. ఆయనకు ఇరవై ఏళ్ళ వయసులో, 1870-71లో, ఫ్రాన్సు ప్రష్యాతో యుద్ధం చేసి ఓడిపోయింది. ఆ ఓటమి ఆ దేశాన్ని బాగా కుంగదీసింది. మన కుర్రాళ్ళు బలహీనులు, అందుకే ఓడిపోయాం అన్న మాట ఊరూరా వినిపించింది. 1880 జనవరిలో మగపిల్లల ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 1882లో ఇంకో అడుగు వేసి బడిపిల్లల పటాలాలు ఏర్పాటు చేశారు. పిల్లలు సైనికుల్లా బారులు తీరి, భుజాన ఉత్తుత్తి తుపాకులు పెట్టుకుని కవాతు చేసేవారు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. పిల్లల ఊపిరితిత్తులకూ వెన్నెముకకూ అందువల్ల ఏం ఒరిగిందో కొలిచి చూసినవాళ్ళు తక్కువ.

కొలిచి చూద్దాం అన్నవాళ్ళలో దెమెనీ ఒకడు. 1880లోనే ఆయన పారిస్‌లో ఒక వ్యాయామ సంఘం పెట్టాడు. కసరత్తు అలవాటుగానో ఆర్భాటంగానో చేయడం కాదు, ఎందుకు చేస్తున్నామో తెలిసి చేయాలి అన్నది ఆ సంఘం ఉద్దేశం. అందుకు శరీరశాస్త్రం తెలియాలి. ఆ శాస్త్రం నేర్చుకోవడానికి ఆయన ఎతియెన్ జూల్ మరే అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర చేరాడు.

మరే పేరు శాస్త్ర చరిత్ర చదివినవాళ్ళకు తెలిసినదే. గుండె ఎలా కొట్టుకుంటుంది, పక్షి ఎలా ఎగురుతుంది, గుర్రం ఎలా పరుగెడుతుంది అన్నవి ఆయన పరిశోధించిన విషయాలు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు వరసగా కెమెరాలు నిలిపి, పరిగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. అవి చూసి మరే తన పద్ధతి మార్చుకున్నాడు. 1882లో పారిస్ శివార్లలోని బులోన్ వనం దగ్గర ప్రభుత్వ సాయంతో ఒక పరిశోధనా స్థలం ఏర్పాటైంది. మరే చలికాలమంతా ఇటలీలోని నేపుల్స్‌లో గడిపేవాడు. ఆయన లేనప్పుడు అక్కడి పనులు చూసుకున్నది దెమెనీయే.

ఆ స్థలం ఎలా ఉండేదో చెబుతాను. గుండ్రంగా 500 మీటర్ల బాట. దాని పక్కనే లోతైన కొట్టం, లోపల అంతా నలుపు. దానికి ఎదురుగా కెమెరా. క్రీడాకారుడు తెల్లబట్టలు కట్టుకుని ఆ నలుపు ముందునుంచి పరుగెత్తుతాడు. కెమెరా లోపల గాజుపలక ఒక్కటే. దాని ముందు చీలికలున్న చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. చీలిక ఎదురైనప్పుడల్లా పలక మీద ఒక బొమ్మ పడుతుంది. నల్లని చోట వెలుగు లేదు కనుక పలక అక్కడ ఖాళీగానే ఉంటుంది, తర్వాతి బొమ్మ పక్కన పడుతుంది. ఇలా ఒకే పలక మీద ఒకే మనిషి పదిసార్లు, పన్నెండుసార్లు కనిపిస్తాడు. దీనికి క్రోనోఫోటోగ్రఫీ అని పేరు. కాలాన్ని ముక్కలు చేసి ఫోటో తీయడం అన్నమాట.

అయితే మనిషి నెమ్మదిగా కదిలితే బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడి అలుక్కుపోయేవి. దానికి 1883లో ఒక ఉపాయం కనిపెట్టారు. మనిషికి తలనుంచి కాలివరకు నల్లదుస్తులు తొడిగారు. చేతుల పొడుగునా, కాళ్ళ పొడుగునా తెల్లని గీతలు, కీళ్ళ దగ్గర తెల్లని చుక్కలు పెట్టారు. ఇక ఫోటోలో మనిషి ముఖం లేదు, కండలు లేవు. గీతలూ చుక్కలూ మాత్రమే నడుస్తాయి, దూకుతాయి. ముఖంలేని ఆ చిత్రాల్లో మోకాలు ఎప్పుడు వంగింది, తుంటి ఎంత లేచింది అన్నది స్కేలు పెట్టి కొలవవచ్చు.

కెమెరా ముందు నిలిచినవాళ్ళలో చాలామంది జ్వాన్విల్ అనే ఊళ్ళోని సైనిక వ్యాయామ పాఠశాలనుంచి వచ్చిన మెరికల్లాంటి యువకులు. పరుగు, ఎత్తుదూకుడు, దూరందూకుడు, గడకర్రతో దూకడం, కత్తిసాము ఇవన్నీ ఫోటోలకెక్కాయి. ఫోటోలతోపాటు, పాదం నేలను ఎంత బలంగా తొక్కుతున్నదో చూపే యంత్రాన్నీ వాడారు.

వీటివల్ల తేలిన విషయాలు రెండు మాత్రం చెబుతాను. మొదటిది దూకుడు గురించి. ఎంత ఎత్తు దూకాడన్నదే అందరూ చూస్తారు. ఎలా దిగాడన్నది ఎవరూ చూడరు. నేర్పున్నవాడు నేల తాకగానే మోకాళ్ళూ తుంటీ వంచి ఆ దెబ్బను కండరాలమీద తీసుకుంటాడు. కాళ్ళు బిగబట్టి దిగినవాడి వెన్నుకు ఆ అదురు సూటిగా తగులుతుంది. రెండోది నడక గురించి. తాళం వేగం పెంచుతూ పోతే అడుగు పొడవు కొంతవరకు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక మళ్ళీ తగ్గుతుంది. అంటే డోలు ఎంత వేగంగా వాయిస్తే పటాలం అంత ముందుకు పోతుందనుకోవడం పొరపాటు. హద్దు మీరితే అలసట మిగులుతుంది తప్ప దారి సాగదు.

ఈ ఫలితాలతో ఏం చేయాలి? మరే దృష్టిలో అవి ముందు శాస్త్రానికి సంబంధించినవి. దెమెనీ దృష్టిలో అవి ముందు బడికి చేరవలసినవి. మేటి క్రీడాకారుణ్ణి ఫోటో తీయడం అతణ్ణి పొగడడానికి కాదు. ఒళ్ళు పొదుపుగా ఎలా వాడుకోవాలో అతనికి అభ్యాసంతో పట్టుబడింది, ఆ కిటుకు ఫోటోలోనుంచి తీసి బలహీనుడైన పిల్లవాడికి చెప్పాలి. ఇదీ ఆయన ఆలోచన. వ్యాయామం వల్ల ఆరోగ్యం, ఒంటి తీరు, నేర్పు, మనోధైర్యం అనే నాలుగూ రావాలని ఆయన అనేవాడు. పతకం ఈ నాలుగింటిలో లేదని గమనించండి. కొన్నేళ్ళకు బడిపిల్లల పటాలాల మోజు తగ్గింది. 1891లో ప్రభుత్వం వెలువరించిన బడి వ్యాయామ పుస్తకంలో కసరత్తుల పక్కన ఆటలకూ చోటు దొరికింది.

అదే 1891లో దెమెనీ కెమెరా మరో పిల్లల గుంపు వైపు తిరిగింది. వాళ్ళు పారిస్‌లోని బధిర విద్యాలయం పిల్లలు. చెవులు వినబడని పిల్లలు పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడం నేర్చుకుంటారు. ఆ కదలికను ఫోటో తీసి మళ్ళీ మళ్ళీ చూపగలిగితే నేర్పడం తేలిక కాదా అని అక్కడి ఉపాధ్యాయుడు మారిషెల్ ఆశించాడు. దెమెనీ తన ముఖాన్నే కెమెరాకు అప్పగించాడు. నిన్ను ప్రేమిస్తున్నాను అని ఫ్రెంచిలో పలుకుతూ పెదవులు కదిపాడు. ఆ ఫోటోలను గాజు చక్రం అంచున అతికించి తిప్పితే ముఖం మాట్లాడుతున్నట్టు కదిలేది. ఆ యంత్రానికి ఫోనోస్కోప్ అని పేరు పెట్టి 1892లో పేటెంటు తీసుకున్నాడు. లూమియేర్ సోదరులు పారిస్‌లో డబ్బులకు సినిమా చూపింది 1895 డిసెంబరు 28న. దానికి మూడేళ్ళు ముందే కదిలే బొమ్మలు ఈయన చేతిలో ఉన్నాయి.

కష్టం ఇక్కడే మొదలైంది. ఫోనోస్కోప్‌తో వ్యాపారం చేయవచ్చని దెమెనీ ఒక కంపెనీ పెట్టాడు. మరేకు అది నచ్చలేదు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే పరిశోధనా స్థలం వ్యాపారానికి వాడకూడదన్నది ఆయన వాదం. పనంతా చూసుకుంటున్న తనకు దాని ఫలంలో హక్కు లేదా అన్నది దెమెనీ బాధ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. 1894లో మరే ఆయన్ను ఉద్యోగంనుంచి తప్పించాడు. పదేళ్ళకు పైగా కలిసి చేసిన పని అలా ముగిసింది. కంపెనీ నిలబడలేదు. తర్వాత లియోన్ గోమాన్ అనే వ్యాపారి దెమెనీ కెమెరాను తీసుకుని అమ్మాడు. సినిమా పరిశ్రమ పెరిగి పెద్దదైంది. దెమెనీకి అందులో పేరూ దక్కలేదు, డబ్బూ దక్కలేదు.

నలభై అయిదేళ్ళ వయసులో అంత దెబ్బ తిన్నవాడు తక్కిన జీవితం కోర్టుల చుట్టూ తిరుగుతూ గడిపినా ఎవరూ తప్పుపట్టరు. దెమెనీ మాత్రం తన మొదటి పనికే తిరిగి వచ్చాడు. 1902లో వ్యాయామ విద్యకు శాస్త్రీయమైన పునాదుల గురించి పెద్ద పుస్తకం ప్రచురించాడు. ఒకప్పుడు తన కెమెరా ముందుకు యువకుల్ని పంపిన జ్వాన్విల్ పాఠశాలలోనే శరీరశాస్త్రం బోధించాడు. 1903 నుంచి పారిస్‌లో వ్యాయామ ఉపాధ్యాయుల కోసం ఉన్నత శిక్షణ తరగతులు నడిపాడు. డ్రిల్లు మాస్టారికి ఈల ఒక్కటే చాలదు, పిల్లవాడి ఎముకలూ ఊపిరీ తెలియాలి అన్న మాటకు ఆ తరగతులతో ఒక రూపం వచ్చింది.

ఆయన అభిప్రాయాలు కూడా అనుభవంతో మారాయి. స్వీడన్ దేశపు వ్యాయామ పద్ధతిని మొదట మెచ్చుకున్నాడు. అందులో ఒక భంగిమలో బిగుసుకుని నిలబడడం ఎక్కువ. ఫోటోల్లో తాను చూసిన మనిషి అలా ఎక్కడా నిలిచిపోడు, ఒక కదలిక మరో కదలికలోకి సాగిపోతుంది. అందుకని కసరత్తు గుండ్రంగా, ఎడతెగకుండా, ఒళ్ళంతా కలిసి సాగాలని చెప్పసాగాడు. ఆడపిల్లల వ్యాయామం గురించి కూడా శ్రద్ధగా రాశాడు. 1917లో, ఇంకో యుద్ధం జరుగుతుండగా, కన్నుమూశాడు.

ఆ కాలంలోనే మనవైపు ఏం జరుగుతున్నదో ఒక్కసారి చూద్దాం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకుని, ఇనుపగొలుసులు తెంచి, కలియుగ భీముడనిపించుకున్నారు. చివరి రోజులు ఒడిశాలోని బొలంగీరులో గడిపారు. ఆయన బలప్రదర్శనలు తలచుకోని ఇల్లు మన సరిహద్దు జిల్లాల్లో అరుదు. అయితే ఆయన మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో బడి డ్రిల్లు మాస్టారుగా పనిచేశారన్న సంగతి అంతగా తలచుకోం. 1920లో మద్రాసులో హారీ క్రో బక్ వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను ప్రారంభించారు. దక్షిణాదిన ఎన్నో బళ్ళకు వ్యాయామ ఉపాధ్యాయులు అక్కడినుంచి వచ్చారు. ప్రదర్శన పదిమంది నోట నిలుస్తుంది. బడిలో జరిగిన పని పిల్లల ఒంట్లో నిలుస్తుంది, దాని సంగతి బయటికి తెలియదు. దెమెనీ జీవితానికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

శ్రోతలారా, దెమెనీకి నల్లకొట్టం, తిరిగే చక్రం, గాజుపలకలు కావలసి వచ్చాయి. ఇవాళ ఆ పని జేబులోని సెల్‌ఫోను చేస్తుంది. పరుగును వీడియో తీసి, వేగం తగ్గించి, పిల్లవాడికి అక్కడికక్కడే చూపించవచ్చు. చాలా బళ్ళలో ఫోను బయటికి వచ్చేది మాత్రం బహుమతుల వేళకే.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నాదొక మనవి. ఏడాది మొదట్లో తరగతిలోని పిల్లలందరినీ, ముఖ్యంగా వెనకబడినవాళ్ళను, పక్కనుంచి ఒకసారి ఫోటో తీయండి. పరుగెత్తుతున్నప్పుడు తీయండి, దూకి దిగుతున్నప్పుడు తీయండి. మోకాలు వంగిందా లేదా వాళ్ళనే చూసుకోమనండి. ఏడాది చివర మళ్ళీ తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. ఎవరూ నవ్వకుండా, ఆ పిల్లవాడికీ మీకూ మధ్యనే ఉండేట్టు చూడండి. కప్పు గెలవని పిల్లవాడు కూడా ఏప్రిల్ నాటికి మోకాలు వంచి మెత్తగా దిగడం నేర్చుకుని ఉంటాడు. తాను బాగుపడ్డానని తన కళ్ళతో తానే చూసుకుంటాడు. దెమెనీ కెమెరా పట్టింది అందుకే.