పన్నెండో వారం

ఈ మధ్య ఇల్లు మారుతూ పాత కాగితాలు సర్దుతుంటే ఎం.ఏ. చదివే రోజుల నాటి సిలబస్ ఒకటి దొరికింది. ‘స్పానిష్, పోర్చుగీసు భాషల సినిమా’ అనే ఐచ్ఛిక పేపరుది. మొత్తం పన్నెండు వారాలు. వారానికో సినిమా, దానికి తోడు చదవాల్సిన వ్యాసాలు. మొదటి పదకొండు వారాల్లో ఒక్క దర్శకురాలి పేరూ లేదు. పన్నెండో వారానికి ఎదురుగా ‘స్త్రీలు – సినిమా’ అని ఉంది. పరీక్షలు దగ్గర పడటంతో ఆ వారం క్లాసే జరగలేదు.

అప్పుడది నాకు లోపంగా తోచలేదని ఒప్పుకోవాలి. తెలుగు సాహిత్య చరిత్రల్లో చిట్టచివర ‘రచయిత్రులు’ అనే ప్రకరణాన్ని చూసీ చూసీ అలవాటు పడ్డ కళ్ళు కదా!

నేనా పేపరు తీసుకున్నది సినిమాల మీద పిచ్చితో కాదు. నెరూడా, మార్క్వెజ్‌ల మీది ఇష్టంతో. ఆ సినిమాల్లో కరువు, వలస, భూస్వాముల పెత్తనం చూస్తుంటే పరాయి దేశం అనిపించేది కాదు. వాటితో పాటు చదివిన ప్రకటనలు మరీ ఉత్తేజపరిచేవి. 1965లో బ్రెజిల్ దర్శకుడు గ్లౌబెర్ రోషా ఆకలి సౌందర్యశాస్త్రం గురించి రాశాడు. మా ఆకలిని యూరప్ వాళ్ళు వింతగా చూసి జాలిపడితే చాలదు, ఆ ఆకలి హింసగా మారే తీరును సినిమా పట్టుకోవాలన్నాడు. 1969లో అర్జెంటీనాకు చెందిన ఫెర్నాందో సొలానాస్, ఒక్తావియో గెతీనో ‘మూడో సినిమా’ను ప్రతిపాదించారు. హాలీవుడ్ వినోదం మొదటిది, దర్శకుడి సొంత గొంతుగా చెలామణీ అయ్యే కళాత్మక సినిమా రెండోది, విముక్తి పోరాటంలో భాగమయ్యేది మూడోది. అదే ఏడాది క్యూబాలో హూలియో గార్సియా ఎస్పినోసా సాంకేతిక నిగనిగల మీది మోజును ప్రశ్నిస్తూ ‘అపరిపూర్ణ సినిమా’ కావాలన్నాడు.

ఈ మూడూ ఇప్పటికీ నాకు ఇష్టమే. కెమెరా ఎవరి చేతిలో ఉంది అని అడగడం నాకు నేర్పినవి అవే. కానీ ఆ ‘ఎవరు’ అన్నది దేశం దగ్గరా, వర్గం దగ్గరా ఆగిపోయింది. వంటిల్లూ, పడకగదీ పోరాటం జరిగే చోట్లుగా లెక్కలోకి రాలేదు.

ఒక పుస్తకంలో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో సారా గోమెస్ పేరు చూశాను. ఆమె మీద సెమిస్టర్ వ్యాసం రాస్తానని అడిగితే, "తీసిందే ఒక్క పెద్ద సినిమా. అదీ ఆమె పోయాక ఇతరులు పూర్తి చేసింది. దాని మీద ఏం రాస్తావమ్మా?" అన్నారు మా అధ్యాపకులు. కోపంగా కాదు, నా మార్కుల గురించిన శ్రద్ధతోనే. నేనూ తలూపి బున్యుయెల్ మీద రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

సారా గోమెస్ 1942లో పుట్టిన నల్లజాతి స్త్రీ. 1959 జనవరిలో విప్లవం గెలిచాక మూడు నెలల లోపే ఏర్పడిన క్యూబా సినిమా సంస్థలో చేరింది. ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వార్దా క్యూబా మీద సినిమా తీసినప్పుడు సహాయకురాలిగా పనిచేసింది. తర్వాత పదేళ్ళపాటు డాక్యుమెంటరీలు తీసింది. ఒకటి సొంత కుటుంబం గురించి. 1972 నాటి ‘మి అపోర్తె’ (నా వంతు) చెరకు పనుల్లోకి వచ్చిన స్త్రీలకు ఇంటి చాకిరీ ఎలా అడ్డుపడుతోందో వాళ్ళ మాటల్లోనే వినిపిస్తుంది. అది చాలాకాలం ప్రేక్షకుల దాకా రాలేదు.

ఆమె తీసిన ఏకైక పూర్తి నిడివి చిత్రం ‘దె సియెర్త మనేర’ (ఒక రకంగా). లాస్ యాగ్వాస్ అనే హవానా మురికివాడను కూలగొట్టి, అక్కడివాళ్ళకోసం 1962లో కట్టిన మీరాఫ్లోరెస్ పేటలో కథ నడుస్తుంది. యొలాందా ఆ పేట బడిలో టీచరు. మారియో బస్సుల కర్మాగారంలో కార్మికుడు. ఇద్దరూ ప్రేమించుకుంటారు. మారియో స్నేహితుడు ఒకడు తల్లికి జబ్బని అబద్ధం చెప్పి, పని ఎగ్గొట్టి ఒకామె దగ్గరికి వెళ్తాడు. కార్మికుల సభలో మారియో ఆ నిజం బయటపెడతాడు. ఆ తర్వాత తను చేసింది మగతనానికి తగని పనేమోనని కుమిలిపోతాడు. మధ్య మధ్యలో డాక్యుమెంటరీ భాగాలు వస్తాయి. మగవాళ్ళకే ప్రవేశమున్న అబాక్వా అనే రహస్య సంఘం గురించి ఒక గొంతు వివరిస్తుంది. నటుల పక్కన ఆ పేట మనుషులు తమ సొంత పేర్లతోనే కనిపిస్తారు. పాత గోడల్ని కూల్చే ఇనుపగుండు పదే పదే తెరమీదికి వస్తుంది. ఇళ్ళు కూలినంత తేలిగ్గా ఇంట్లోని మగ అలవాట్లు కూలవు అన్న మాట ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే మనకు అందుతుంది. ఇంటిపని భార్యాభర్తలిద్దరిదీ అని చెప్పే క్యూబా కుటుంబ చట్టం 1975 మార్చిలో అమల్లోకి వచ్చింది. సారా అంతకుముందే ఆ తగువును తెరమీద పెట్టింది.

సినిమా పూర్తికాకముందే, 1974 జూన్‌లో, ముప్ఫయ్యొకటో ఏట, ఉబ్బసంతో ఆమె చనిపోయింది. తొమాస్ గుతియెర్రెస్ అలెయా, ‘అపరిపూర్ణ సినిమా’ రాసిన ఆ గార్సియా ఎస్పినోసా కలిసి మిగిలిన పని ముగించారు. 1977లో విడుదలైంది. ‘మూడో సినిమా’ గురించి చదివిన వారంలోనే నాకీ సినిమా చూపించి ఉంటే ఆ ప్రకటనల్ని ఎంత వేరుగా చదివేదాన్ని!

బ్రెజిల్‌లోనూ అంతే. రోషా తరం ‘సినిమా నోవో’కు మేం రెండు వారాలు కేటాయించాం. ఆ ఉద్యమంలో పాల్గొన్న ఏకైక దర్శకురాలు హెలెనా సోల్బర్గ్ 1966లో తీసిన పొట్టి చిత్రం ‘అ ఎంత్రెవిస్త’ (ఇంటర్వ్యూ) పేరు కూడా మాకెవరూ చెప్పలేదు. పై మధ్యతరగతి యువతులు పెళ్ళి గురించి, శరీరం గురించి, చదువు గురించి మాట్లాడే గొంతులు వినిపిస్తుంటే, తెరమీద ఒకమ్మాయి పెళ్ళికూతురిగా ముస్తాబవుతూ ఉంటుంది. చివర్లో సినిమా 1964 సైనిక తిరుగుబాటు రోజుల దగ్గరికి వెళ్తుంది. కుటుంబాన్ని కాపాడాలంటూ వీధుల్లోకి వచ్చిన స్త్రీలు కనిపిస్తారు. ముస్తాబుకీ సైనిక పాలనకీ మధ్య ముడి చూపిన ఆ ధైర్యం రోషాలో నాకు కనిపించలేదు.

సాహిత్య విద్యార్థినిగా నాకు బాగా దగ్గరైంది సుజానా అమరాల్. తొమ్మిదిమంది పిల్లల్ని కన్న ఆమె, యాభై దాటాక, 1985లో, క్లారిస్ లిస్పెక్టర్ చివరి రోజుల నవల ‘అ ఓరా ద ఎస్త్రేలా’ను (నక్షత్ర ఘడియ) సినిమాగా తీసింది. నవలలో మకబెయా అనే పేద టైపిస్టు కథను ఒక మగ రచయిత చెబుతాడు, తన తంటాలన్నీ చెప్పుకుంటూ. సినిమాలో అమరాల్ ఆ కథకుణ్ణి తీసేసింది. ఇక మకబెయాను మనం నేరుగా చూడాల్సిందే. లిస్పెక్టర్ ఆ మగ గొంతును వెక్కిరించడానికే పెట్టింది కాబట్టి, అది పోవడం నష్టమే అనేవాళ్ళున్నారు. ఆ వాదనలో బలముంది. ఆ పాత్ర వేసిన మార్సేలియా కార్తాషోకు 1986లో బెర్లిన్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది.

వీళ్ళంతా పన్నెండో వారంలోకి ఎందుకు పోయారు? ఎవరో పనిగట్టుకుని కుట్ర చేశారని నేననను. స్త్రీలకు ఎక్కువగా చిక్కింది పొట్టి చిత్రాలూ డాక్యుమెంటరీలూ, పాఠ్యక్రమాలు లెక్కపెట్టేది పెద్ద చిత్రాలని. మెక్సికోలో మతిల్దె లాందెతా 1948-51 మధ్య మూడు సినిమాలు తీశాక, నాలుగోది తీయడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. పోర్చుగల్‌లో మార్గరీదా కోర్దేయిరో, అంతోనియో రైస్ కలిసి తీసిన 1976 నాటి ‘త్రాస్ ఉష్ మోంతెష్’ను చాలామంది ఆయన ఒక్కడి సినిమాగానే చెప్పుకుంటారు. సారా సినిమాకు మంచి ప్రతి 2021లో జరిగిన పునరుద్ధరణతో గానీ రాలేదు. చూపించలేని సినిమా సిలబస్‌లోకి ఎక్కదు. సిలబస్‌లో లేని సినిమాకు సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళుండరు. పోయిన రచయిత్రుల్ని వెతికి తెచ్చిన సూసీ తారు, కె.లలితల పని గురించి మనకు తెలుసు. అక్కడ ప్రతులు వెతికారు, ఇక్కడ రీళ్ళు వెతకాలి.

ఇప్పుడు నేనే ఒక పేపరు చెబుతున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. మొదటిసారి నేను తయారుచేసిన సిలబస్‌లోనూ సారా, హెలెనా, సుజానా ముగ్గురూ చివరి రెండు వారాల్లోనే ఉన్నారు. సెమిస్టర్ చివర ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఈవిడ సినిమా మూడోవారం వ్యాసాలకి జవాబులా ఉంది కదా, ఇంత ఆలస్యంగా ఎందుకు చూపించారు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. నాకు అందిన కాగితాన్నే నేను మళ్ళీ రాశానన్నమాట.

మరుసటి ఏడాది క్రమం మార్చాను. 1950 నాటి బున్యుయెల్ ‘లోస్ ఒల్విదాదోస్’ పక్కనే, అంతకు ముందటేడు అదే మెక్సికోలో లాందెతా తీసిన ‘లా నేగ్రా అంగుస్తియాస్’. మూల నవలలో లొంగిపోయిన ఆ విప్లవ నాయకురాలిని లాందెతా మళ్ళీ పోరాటంలోకి పంపిస్తుంది. మూడు ప్రకటనల వారంలోనే సారా. రోషా పక్కన హెలెనా. చోటు చాలక నాకెంతో ఇష్టమైన రెండు సినిమాలు తీసేయాల్సి వచ్చింది. విద్యార్థులకు అవి లేకపోవడం నష్టమేనని నాకు తెలుసు.

ఆ ప్రశ్న వేసిన అమ్మాయి ఇప్పుడు ‘మి అపోర్తె’ మీద రాస్తోంది. స్పానిష్ అంతంత మాత్రమే కావడంతో, ఇద్దరం సాయంత్రాలు కూర్చుని, ఆపి ఆపి వింటూ, ఆ చెరకు పనివాళ్ళ మాటల్ని ఒక్కొక్కటిగా తెలుగులో రాసుకుంటున్నాం.